తాతగారి జోడు గొట్టాల తుపాకీ: ఎన్ని బోరు, ఏ ఫ్రేము?

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా తాతగారు మదనపల్లెలో ఉండగా కొన్న రెండు గొట్టాల తుపాకీ ఇప్పుడు నాన్నగారి లైసెన్సు మీద మా ఇంట్లో ఉంది. లైసెన్సు పుస్తకంలో ‘డీబీబీఎల్ (వెనక నుంచి తూటా పెట్టే జోడు గొట్టాల తుపాకీ), 12 బోరు’ అని రాశారు. బయట సుత్తులున్న రకం. గొట్టాలు విప్పి చూస్తే అడుగున ఒకచోట 13 అనీ, ఇంకోచోట డైమండ్ గడిలో 12, దాని కింద ‘సీ’ అనే అక్షరం ఉన్నాయి. పక్కన కిరీటం, దాని కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు. లగ్గు మీద, అంటే గొట్టాల అడుగున పొడుచుకొచ్చిన ఇనప దిమ్మ మీద, 2 అనే అంకె. ఇంతకీ ఇది 12 బోరా, 13 బోరా? ఆ 2 ఫ్రేము (గొట్టాలు కూర్చునే ఇనప చట్రం) సైజేనా?
ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: తూటా కొనడానికి వెళితే 12. గొట్టం లోపల కొలిస్తే 13. రెండు ముద్రలూ నిజమే, వాటి మధ్య పేచీ ఏమీ లేదు. డైమండ్ గడిలో ఉన్న అంకె ఛాంబరుది, అంటే తూటా కూర్చునే గదిది. విడిగా కొట్టిన 13 ఆ గది దాటాక మొదలయ్యే గొట్టం లోపలి వ్యాసానిది. గొట్టాలను పరీక్షించి ముద్రవేసే ఇంగ్లండు ప్రూఫ్ హౌసులు 1887 నుంచి ఈ రెండింటినీ వేర్వేరుగా ముద్రించడం మొదలుపెట్టాయి. 12 ఛాంబరుకు కాస్త బిగువుగా 13 గొట్టం ఉండడం ఆ కాలంలో మామూలు సంగతి.

బోరు లెక్క తెలిస్తే గజిబిజి పోతుంది. ఒక పౌను, అంటే 453.6 గ్రాముల శుద్ధమైన సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం 18.5 మి.మీ. వస్తుంది. అది పట్టే గొట్టం 12 బోరు. 16 గుండ్లు పోస్తే 16.8, 20 పోస్తే 15.6. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 42.4ను బోరు అంకె ఘనమూలంతో భాగిస్తే మిల్లీమీటర్లలో వ్యాసం వచ్చేస్తుంది. 410 ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. అది అంగుళంలో వెయ్యింట 410 వంతులు, అంటే 10.4 మి.మీ. 12కూ 13కూ మధ్య ప్రూఫ్ హౌసు ఇంకో మెట్టు పెట్టింది: 13 అంటే 18.0 మి.మీ., 13/1 అంటే 18.3, 12 అంటే 18.5, 12/1 అంటే 18.8. 13/1ని చూసి పదమూడో నంబరు తుపాకీల జతలో మొదటిది అనుకునేవాళ్ళున్నారు. అది గొట్టం కొలతే.

ఆ 13 మీకు ఇంకో పనికి వస్తుంది. గొట్టం పుట్టినప్పటి కొలత అది. ఇప్పుడు వెనక అంచు నుంచి 9 అంగుళాల లోపల, అంటే దాదాపు 229 మి.మీ. దగ్గర కొలవండి. 18.0 నుంచి 18.2 వస్తే పుట్టినట్టే ఉంది. 18.5 వచ్చిందనుకోండి, మధ్యలో ఎవరో తుప్పు గుంటలు పోవడానికి లోపల అరగదీశారన్నమాట. వ్యాసంలో అర మిల్లీమీటరు పెరిగితే గోడలో చుట్టూ పావు మిల్లీమీటరు పోయినట్టు. ముందు వైపు గోడే కొన్నిచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండని గొట్టంలో అది చిన్న సంగతి కాదు. లోపల అద్దంలా మెరుస్తోందని మురిసిపోయే గొట్టాల్లో కొన్ని ఇలా మెరుస్తున్నవే.

కొలిచే వరుస చెబుతాం. లైసెన్సు నాన్నగారిది కాబట్టి ఈ పని ఆయన ఎదురుగా, ఇంట్లోనే జరగాలి. ముందు సుత్తులు రెండూ సగం ఎత్తులో, హాఫ్‌కాక్‌లో పెట్టండి. పాత రకం లాకుల్లో సుత్తి కిందికి దిగి ఉంటే ఫైరింగ్ పిన్ను ముందుకు పొడుచుకుని ఉంటుంది. ఆ స్థితిలో మీట తిప్పి బలవంతంగా తెరిస్తే పిన్ను విరుగుతుంది. తెరిచి రెండు ఛాంబర్లూ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. కిటికీ వెలుతురు వైపు పట్టి గొట్టం ఆ చివర వరకు కనబడుతోందా చూడండి. కందిరీగ గూడు, నూనెగుడ్డ ముక్క, ఏదైనా ఉండొచ్చు. తరవాత మూసి, ముందు భాగపు కర్ర తీయాలి. కొన్నిటికి కర్ర కొసన నొక్కే బొడిపె, కొన్నిటికి అడుగున లాగే చిన్న మీట, మరీ పాతవాటికి అడ్డంగా దూర్చిన ఇనప మేకు. ఆ మేకును సుత్తితో కొట్టకండి. గట్టి చెక్కముక్కతో ఎడమ నుంచి నెడితే వస్తుంది, రాకపోతే కుడి నుంచి. కర్ర వచ్చాక మళ్ళీ తెరిచి గొట్టాలను పైకి లేపితే కొక్కెం వదిలేస్తుంది. సుత్తులు లోపలుండే రకంలో, గొట్టాలు తీశాక సరదాకి ట్రిగ్గరు నొక్కకూడదు. లోపలి సుత్తులు దిగిపోతే గొట్టాలు తిరిగి ఎక్కించడం చాలా కష్టమైన పని అవుతుంది.

గొట్టాల అడుగున చదునుగా ఉన్న భాగంలోనే అసలు చరిత్రంతా ఉంటుంది. పాత నూనె గట్టిపడి వార్నిష్‌లా అంటుకుంటుంది. కిరసనాయిలు తడిపిన గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచి తుడవండి. ఎమరీ కాగితం ముట్టుకోవద్దు, ముద్ర పోతే మళ్ళీ రాదు. ముఖానికి రాసుకునే పౌడరు వేలితో రుద్ది, సెల్‌ఫోను లైటు పై నుంచి కాకుండా పక్కవాటుగా వేస్తే అరిగిపోయిన అక్షరం కూడా లేస్తుంది.

ఇక కొలతలు. డిజిటల్ కాలిపర్ ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు రకం చాలు. ఛాంబరు మూతి దగ్గర తూటా అంచు కూర్చునే గుంట 12 బోరులో దాదాపు 22.5 మి.మీ., దాని లోపలి ఛాంబరు మూతి 20.6. 16 బోరులో 20.8, 19.0. 20 బోరులో 19.5, 17.8. ఒక బోరుకూ ఇంకో బోరుకూ మిల్లీమీటరు పైన తేడా ఉంది కాబట్టి ఇక్కడ పొరబడే అవకాశం తక్కువ. గొట్టం మూతి దగ్గర మాత్రం బోరు కొలిచి నిర్ణయించకండి. చోక్ ఉంటే అక్కడ సన్నగా ఉంటుంది. ఫుల్ చోక్ ఉన్న 12 బోరు మూతిలో 17.5 వస్తుంది, చూసినవాళ్ళు 14 బోరు అనేస్తారు.

ఛాంబరు పొడవుకు ఒక చిట్కా. ప్లాస్టిక్ కార్డు నుంచి 20.2 మి.మీ. వ్యాసమున్న బిళ్ళ కోసి, ఆకురాయితో గుండ్రంగా రాసి, నడుమ అగ్గిపుల్ల మందం పుల్ల అతికించండి. దాన్ని ఛాంబరులోకి నెమ్మదిగా తోస్తే గోడలు దగ్గరపడే చోట ఆగుతుంది. అక్కడి నుంచి వెనక అంచు వరకు కొలత 65 మి.మీ. అయితే రెండున్నర అంగుళాల ఛాంబరు, 70 అయితే రెండుముప్పావు. 16 బోరుకైతే బిళ్ళ 18.5, 20కి 17.3. డైమండ్‌లోని ‘సీ’ ఈ తేడా చెప్పదు. 12 బోరులో మూడు అంగుళాల కన్నా తక్కువ అని మాత్రమే దాని అర్థం. అంతకు మించితే ‘ఎల్‌సీ’ అని కొట్టేవారు. ఛాంబరు పొడవును అంగుళాల్లో ముద్రించడం 1925 నిబంధనలతో వచ్చింది.

తొమ్మిది అంగుళాల లోపలికి కాలిపర్ అందదు. పొడుగు కాడ ఉన్న డయల్ బోర్ గేజ్ కావాలి. బెంగళూరులో దీనికి కొరత లేదు. హెచ్‌ఎంటీలోనో బీఈఎల్‌లోనో టూల్‌రూములో చేసి రిటైరైన పెద్దమనిషి ప్రతి రెండో వీధిలో ఉంటారు. గేజ్‌ను తుపాకీ దగ్గరికి రప్పించండి, తుపాకీని గేజ్ దగ్గరికి పంపొద్దు.

ఇప్పుడు ఆ 2 సంగతి. ‘ఫ్రేము సైజు’ అనే మాట అమెరికా వాడకం. కనెక్టికట్ రాష్ట్రంలోని మెరిడెన్ ఊళ్ళో పార్కర్ బ్రదర్స్ ఒకే బోరుకు వేర్వేరు లావుల ఫ్రేములు చేసి, ఆ నంబరు గొట్టాల లగ్గు మీద కొట్టేది. వాళ్ళ 12 బోరు తుపాకులు ఎక్కువగా 1, 1½, 2 మీద వస్తాయి. 10 బోరు 2, 3, ఆ పైన. 16 బోరుకు 1 గానీ 0 గానీ, 20కి 0, 28కి 0 లేదా 00, 410కి 000. అంకె పెద్దదైతే ఫ్రేము పెద్దది, బోరుతో తిరగబడిన వరుస. అమెరికాదే ఏ.హెచ్. ఫాక్స్ తుపాకీలో గొట్టాల అడుగున 1 నుంచి 4 దాకా కనబడే అంకె ఫ్రేముది కాదు, గొట్టాల బరువు తరగతిది. అక్కడ 1 అన్నిటికన్నా బరువైనది. ఇంగ్లండు తుపాకీలో రిబ్బు (రెండు గొట్టాల నడుమ పైన ఉండే పట్టీ) మీదో, పై మీట మీదో బంగారంతో పొదిగిన 2 కనిపిస్తే జతగా చేయించిన రెండిట్లో రెండోది అని. లగ్గు మీదో, కర్ర లోపలో కొట్టిన చిన్న అంకె పనివాళ్ళు భాగాలు కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తు కావచ్చు. కనుక తయారీ ఎక్కడిదో తేలకుండా ఆ 2కి అర్థం లేదు.

మీది తేలుతోంది. కిరీటం కింద రాజదండాల ముద్ర బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసుది, 1813 నుంచి 1904 వరకు వాడారు. డైమండ్ గడి 1887లో వచ్చింది. రెండూ ఒకే గొట్టం మీద ఉన్నాయంటే మీ గొట్టాలకు 1887, 1904ల మధ్య ప్రూఫ్ అయింది. బర్మింగ్‌హామ్ వాళ్ళకు పార్కర్ మాదిరి ఫ్రేము నంబర్లు లేవు. మీ లగ్గు మీది 2 ఫ్రేము సైజు కాదు. ఇంకో మాట: ‘నైట్రో ప్రూఫ్’ అన్న ముద్ర మీరు రాయలేదు. నిజంగానే లేకపోతే ఆ గొట్టాలకు నల్లమందుతోనే పరీక్ష జరిగింది. ఇప్పటి పొగరాని మందు తూటాలు అందులో పెట్టకూడదు.

ఇంగ్లండు తుపాకీకి ఫ్రేము తెలియాలంటే అంకె వెతకడం మాని కొలవాలి. రెండు ఫైరింగ్ పిన్నుల రంధ్రాల మధ్య దూరం నడుమ నుంచి నడుముకు, బ్రీచి ముఖం (తూటాల వెనక ఆనుకునే చదునైన ఇనుము) దగ్గర యాక్షన్, అంటే ఫ్రేము వెడల్పు, గొట్టాలు మాత్రమే తూచిన బరువు. ఈ మూడూ రాసిపెట్టుకోండి. 12 తూటా అంచు 22.5 మి.మీ. ఉంటుంది, రెండు పక్కపక్కన పడుతూ నడుమ లోహం కూడా మిగలాలి. కాబట్టి పిన్నుల దూరం 22.5 కన్నా బాగా ఎక్కువే ఉండాలి. 24 లోపు వచ్చిందంటే అది 12 కోసం పుట్టిన ఫ్రేము కాదని అనుమానించాలి. దీనికి తిరగబడిన సందర్భమూ ఉంది. 12 ఫ్రేము మీద 16 గొట్టాలు కూర్చోబెడితే బ్రీచి దగ్గర గోడలు మందంగా, తుపాకీ బరువుగా ఉంటుంది. బరువుకు పాతకాలపు తుపాకీ పనివాళ్ళ లెక్క ఒకటుంది: వేసే పెల్లెట్ల బరువుకు 96 రెట్లు తుపాకీ బరువు. 1⅛ ఔన్సు, అంటే 32 గ్రాములు వేసే 12 బోరుకు 3.06 కిలోలు. 28 గ్రాములు వేసే 16 బోరుకు 2.7. మీది 12 అని రాసి ఉండి 2.6 కిలోలే తూగితే తేలిక తూటాల కోసం చేసినదన్నమాట, లేదా గొట్టాలు ఎప్పుడో కోసేశారు.

ఈ కొలతలన్నిటి కన్నా ముందు చూడాల్సింది సీరియల్ నంబరు. గొట్టాల మీద, యాక్షన్ మీద లేదా ట్రిగ్గర్ గార్డు తోక మీద, ముందు కర్ర ఇనుము మీద ఒకటే ఉండాలి. గొట్టాలది వేరే నంబరైతే అవి ఇంకో తుపాకీవి. అప్పుడు ఫ్రేము బోరు వేరు, గొట్టాల బోరు వేరు కావచ్చు. సిగరెట్టు కాగితం పేలిక ఒకటి బ్రీచి ముఖానికీ గొట్టాలకూ మధ్య పెట్టి ఖాళీ తుపాకీ మూసి లాగండి. పట్టుకుంటే మంచిది. జారిపోతే గొట్టాలు ముఖం నుంచి వదులైనట్టు.

ప్రశ్న: మా తుపాకీ రిబ్బు మీద మౌంట్ రోడ్డు, మద్రాసు అని ఒక కంపెనీ పేరు చెక్కి ఉంది. అడుగున ‘నాట్ ఫర్ బాల్’ అని ఇంగ్లీషులో ఉంది, డైమండ్ గడి లేదు. ఇది మద్రాసులో చేసిందేనా? ఎప్పటిది?
ఒక పాఠకురాలు, టి. నగర్, చెన్నై

జవాబు: రిబ్బు మీద ఉన్నది చాలావరకు అమ్మిన కొట్టు పేరు. గడియారాలకు పేరుపడ్డ పి. ఆర్ అండ్ సన్స్ లాంటి మద్రాసు కొట్లు, కలకత్తాలో మాంటన్, రొడ్డా కంపెనీలు ఇంగ్లండు నుంచి తుపాకులు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మేవి. ఎక్కడ చేశారో, కనీసం ఎక్కడ ప్రూఫ్ అయిందో, అడుగు ముద్రలే చెప్పాలి. కిరీటం కింద ‘జీపీ’ అక్షరాలు పెనవేసుకుని ఉంటే లండన్. కోడిగుడ్డు గీతలో ‘ఈఎల్‌జీ’ ఉంటే బెల్జియంలోని లీజ్. ఆ గీత మీద కిరీటం కూడా ఉంటే 1893 తరవాతది. లీజ్ గొట్టాల మీద 18.2 లాంటి అంకె కనిపిస్తే అది నేరుగా మిల్లీమీటర్లే, లెక్కవేయక్కర్లేదు.

‘నాట్ ఫర్ బాల్’ మంచి ఆధారం. చోక్ ఉన్న గొట్టంలో ఒంటి సీసపు గుండు వేస్తే మూతి దగ్గర ఇరుక్కుంటుందని హెచ్చరిక అది. ఇంగ్లండులో 1875 నుంచి 1887 దాకా కొట్టారు. ఆ తరవాత దాని బదులు ‘చోక్’ అని వచ్చింది. డైమండ్ లేకపోవడం కూడా దానితో సరిపోతోంది. ఛాంబరు ముద్ర లేదు కాబట్టి పైన చెప్పిన బిళ్ళ, కాలిపర్ కొలతలే మీకు దిక్కు. అదే ఇంగ్లండు తుపాకీలో ‘3 టన్స్’ లాంటి ముద్ర ఉంటే 1954 నిబంధనల తరవాత ప్రూఫ్ అయినట్టు.

ప్రశ్న: పాత పది పైసల బిళ్ళ గొట్టం మూతిలో పడితే 12, పడకపోతే 20 అంటారు. నిజమా?
ఒక పాఠకుడు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: 1988 నుంచి వచ్చిన స్టీలు పది పైసల బిళ్ళ 16 మి.మీ. కాబట్టి 20 బోరు మూతిలో (15.6) పట్టదు, 12లో పడుతుంది. కానీ 16లోనూ పడుతుంది. ఫుల్ చోక్ ఉన్న 16 మూతి 16.1 ఉంటుంది, అక్కడ బిళ్ళ అంచు మీద చిన్న గాటు ఉన్నా తగులుకుంటుంది. పైగా లోపల పడ్డ బిళ్ళను బయటికి తేవడం ఇంకో పంచాయతీ. బిళ్ళ ఆట బేరగాళ్ళకు వదిలేయండి.

ప్రశ్న: మా ఇంట్లోది ముందు నుంచి మందు దట్టించే జోడు గొట్టాల తుపాకీ, లైసెన్సులో ‘డీబీఎంఎల్’ అని ఉంది. బోరు ఎలా తెలుస్తుంది? ఫ్రేము ఉంటుందా?
ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు

జవాబు: బోరు కన్నా ముందు, లోపల మందు ఉందేమో చూడండి. ఈ రకంలో ఇది తరచుగా జరిగేదే: ఎప్పుడో దట్టించి గోడకు తగిలించేస్తారు. నల్లమందు పొడిగా ఉంటే వంద ఏళ్ళకైనా అంటుకుంటుంది. క్యాప్ పెట్టే నిపుల్ మీద ఏమీ లేదని చూసి, సుత్తులు హాఫ్‌కాక్‌లో ఉంచి, మూతి మీ వైపు తిప్పకుండా సన్నని చెక్క కర్ర లోపలికి వదలండి. మూతి దగ్గర పెన్సిల్ గీత గీసి, కర్ర తీసి గొట్టం పక్కన ఆనించండి. కర్ర కొస నిపుల్ దగ్గరికి చేరాలి. రెండు మూడు అంగుళాలు ముందే ఆగిపోతే లోపల సరుకుంది. రెండు గొట్టాలూ విడివిడిగా చూడండి, ఒకటి ఖాళీ అయినంత మాత్రాన రెండోది ఖాళీ అని కాదు. సరుకుంటే మీరు తీయొద్దు. నీళ్ళు పోయడం, మరలాంటి ఊచతో గుచ్చడం, నిపుల్ వేడిచేయడం ఏదీ వద్దు. లైసెన్సున్న తుపాకీ డీలరుకు ఫోన్ చేసి పరిస్థితి చెప్పి, ఆయన చెప్పినట్టు తీసుకెళ్ళండి.

ఖాళీ అని తేలాక బోరు సులభం. ఛాంబరు లేదు, చోక్ ఉండడం అరుదు. మూతిలో కాలిపర్ పెట్టి వచ్చిన కొలతే బోరు. 17.6 వస్తే 14 బోరు, ఇంగ్లండు జోడు గొట్టాల్లో ఒకప్పుడు బాగా నడిచిన సైజు. ఫ్రేము అని ప్రత్యేకంగా ఉండదు. గొట్టాల వెనక బిగించిన బ్రీచి మరలు, వాటి కొక్కెం పట్టే ఇనుము, అంతే.

ప్రశ్న: 65 మి.మీ. ఛాంబరు అని కొలిచాం. కానీ 70 మి.మీ. తూటా సాఫీగా లోపలికి వెళ్ళి తుపాకీ మూసుకుంటోంది. అంటే పనికొస్తుందనేగా?
ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: కాదు. ఈ కాలమ్‌కు ఎక్కువసార్లు వచ్చే పొరపాటు ఇదే. డబ్బా మీద రాసిన 70 పేలాక విచ్చుకున్న ఖాళీ తొడుగు పొడవు. పేలక ముందు మూతి ముడుచుకుని ఉంటుంది కాబట్టి తూటా 58 నుంచి 65 మి.మీ. మధ్యే ఉంటుంది, పొట్టి ఛాంబరులో హాయిగా దూరుతుంది. పేలిన క్షణంలో ఆ ముడత విచ్చుకోవడానికి చోటు లేక సన్నబడే భాగంలోకి దూరి దారికి అడ్డం పడుతుంది. వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. మూతి చిరిగి, చివర్లు పీలికలై బయటికొచ్చిన తొడుగు కనబడితే జరుగుతున్నది అదే. డబ్బా మీద ‘ఫలానా ఛాంబరుకు’ అని రాసిన మాట చూసి కొనాలి, తూటాను స్కేలు పక్కన పెట్టి కాదు.

ఇంతకన్నా ప్రమాదం బోర్లు కలిసిపోవడం. 20 బోరు తూటా 12 ఛాంబరులో వేస్తే అంచు వెనక ఆగదు. లోపలికి జారి, 18.5 గొట్టంలో 19 పైన ఉన్న అంచు తట్టుకుని ఛాంబరు చివర నిలుస్తుంది. వెనక చూస్తే ఖాళీగా కనబడుతుంది. ‘వేయలేదేమో’ అని 12 తూటా వేసి కాలిస్తే గొట్టం పగులుతుంది, ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా అక్కడే. 20 బోరు తొడుగులకు పసుపు రంగు వాడడం అందుకే వచ్చింది. ఇంట్లో రెండు బోర్లుంటే తూటాలు ఒకే అల్మారాలో పెట్టకండి.

ఛాంబర్ల మూతి పైభాగాన చిన్న గాడి ఉంటే మాత్రం ఏ తూటా గురించీ ఆలోచించొద్దు. అది పిన్‌ఫైర్ రకం, తూటా నుంచి పైకి లేచిన మేకుకు వదిలిన దారి.

ప్రశ్న: గొట్టాల మీద పాము పొడలాంటి డిజైన్ ఉంది. డమాస్కస్ అని అమ్మకానికి అడుగుతున్నారు. కాల్చొచ్చా?
ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఇనుము, ఉక్కు కడ్డీలు మెలిపెట్టి, బొంగు చుట్టూ తాడు చుట్టినట్టు చుట్టి అతుకువేసిన గొట్టం అది. పొడ అంతా అతుకులే. పైకి ఎంత బాగున్నా లోపలి అతుకుల్లో తుప్పు కంటికి కనబడదు. నైట్రో ముద్ర లేని డమాస్కస్‌ను గోడకే ఉంచండి. నకిలీలూ ఉన్నాయి, మామూలు ఉక్కు మీద పొడ అచ్చువేసినవి. రిబ్బు కింద, ముందు కర్ర దాచే చోట చూడండి. అసలుదైతే పొడ అక్కడ కూడా కొనసాగుతుంది.

ప్రశ్న: నాన్నగారు పోయారు. ఆయన పేరున ఉన్న 12 బోరు పాతది, ‘యాంటిక్’ కాబట్టి లైసెన్సు అక్కర్లేదని బంధువులు అంటున్నారు. ఉంచుకోవచ్చా?
ఒక పాఠకురాలు, ఇందిరానగర్, బెంగళూరు

జవాబు: బంధువుల మాట వినకండమ్మా. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది పాతకాలపువి అయినంత మాత్రాన కాదు. మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని స్థితిలో ఉండాలి. తూటా వేస్తే పేలే తుపాకీ నూట ఇరవై ఏళ్ళదైనా లైసెన్సు కావాలి. లైసెన్సుదారు మరణించాక అది ఇంట్లో ఉండకూడదు. 21వ సెక్షన్ ప్రకారం దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమచేసి రసీదు తీసుకోండి. తూటాలు కూడా లెక్కపెట్టి ఇవ్వాలి. రసీదులో తయారీ పేరు, సీరియల్ నంబరు, బోరు, గొట్టాల పొడవు సరిగ్గా రాయించుకోండి. మల్లేశ్వరం పాఠకుడికి చెప్పిన కొలతలు ఇక్కడే అక్కరకొస్తాయి. పాత పుస్తకంలో ‘16’ బదులు ‘12’ అని పడి ఉంటే వారసత్వం వేళ అది పెద్ద తలనొప్పి అవుతుంది, జమచేసే రోజే దిద్దించే దరఖాస్తు పెట్టండి.

వారసురాలిగా లైసెన్సుకు 2016 ఆయుధ నిబంధనల కింద దరఖాస్తు చేయవచ్చు. బెంగళూరులోనూ, చెన్నైలోనూ అధికారి నగర పోలీసు కమిషనరు. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రం, పాత లైసెన్సు, డీలరు రసీదు సిద్ధం చేసుకోండి. 2019 సవరణ తరవాత ఒక మనిషి పేరున రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కొడగు స్నేహితుల ఇళ్ళల్లో లైసెన్సు లేకుండా ఉన్నాయని చూసి పోల్చుకోకండి, కొడవలకు ప్రత్యేక మినహాయింపు ఉంది. గొట్టం పొడవుగా ఉంది, గోడకు అందంగా ఉండడానికి కాస్త కోయించుకుందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గొట్టం పొట్టి చేయడానికి వేరే అనుమతి కావాలి, అది లేకుండా చేస్తే 6వ సెక్షన్‌ను ఉల్లంఘించిన నేరం.